మేలురకం నవ్వు

తొమ్మిదేళ్ల కిందట సీరియల్ మొదలుపెట్టిన రోజున షావుకారు చేతిలో ఉన్న సరుకు ఇదీ: పాత ఫర్నిచర్ కొని అమ్మే గోడౌను ఒకటి, అందులో ఎవరూ కొనని సోఫాలు పదకొండు, ఏదో ఒకటి రాసి బట్టల బీరువాలో దాచుకునే భార్య, పనీపాటా లేకపోయినా పదిమందిని కూర్చోబెట్టి నవ్వించగల బావమరిది, నవ్విందంటే పక్కింటికి వినబడే అత్తగారు.

ఆఖరిదాన్ని ఆయన లెక్కలో వేసుకోలేదు. ఊరికే వచ్చినదాన్ని వ్యాపారి సరుకనుకోడు.

ఈ బుధవారం పొద్దున చూసుకుంటే సోఫాలు పదకొండూ అలాగే ఉన్నాయి. అత్తగారు పోయి రెండేళ్లయింది. భార్య మాట మానేసి నాలుగో రోజు నడుస్తోంది.

మాట మానేయడమంటే తలుపేసుకుని పడుకోవడం కాదు. ఆవిడ పద్ధతి వేరు. వేళకి టీ వచ్చేది. అయితే ఆ కప్పు ఆయన ముందు కాకుండా, ఎంత చెయ్యి చాచినా ఇంకో జానెడు మిగిలేలా బల్ల అవతలి చివర ఉండేది. నాలుగు రోజులుగా ఆయన లేచి వెళ్లి తెచ్చుకుంటున్నాడు.

మధ్యలో కూతురు రాయబారం నడుపుతోంది. గోడౌనులో షూటింగు షెడ్యూళ్లు చూసే పిల్ల. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం ఆమె ఉద్యోగమే.

"అమ్మా, నాన్న కళ్లజోడు ఎక్కడుందని అడుగుతున్నారు."

"నెత్తిమీద ఉందని చెప్పు."

షావుకారు నెత్తి తడుముకున్నాడు. ఉంది.

ఇంతకీ గొడవ ఆదివారం మొదలైంది. ఇంటిల్లిపాదీ కూర్చుని 'అద్దె కుర్చీలు' కొత్త ఎపిసోడ్ చూశారు. కుర్చీలు అద్దెకిచ్చుకునే ఒక కుటుంబం కథ అది. పెళ్లికి వెళ్లేవీ అవే కుర్చీలు, చావుకి వెళ్లేవీ అవే. ఆ ఇంటికి పెద్దదిక్కు పెద్దమ్మ. కుట్టుమిషను ముందు కూర్చుని, తల ఎత్తకుండానే అందరి గుట్టూ కనిపెట్టే మనిషి. సీరియల్ రాసే షావుకారు భార్య తన తల్లినే ఎత్తి తెచ్చి అక్కడ కూర్చోబెట్టిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారంనాడు ఆ పెద్దమ్మ చచ్చిపోయింది. శవం ఇంట్లో ఉండగానే కోడళ్లిద్దరూ కుట్టుమిషను నాదంటే నాదని చెరో పక్కా పట్టుకు లాగారు. చిన్నకోడలు వెల్లకిలా పడింది. వెనక నుంచి గొల్లున నవ్వులు.

ఆ నవ్వుల చివర 'టిక్కు టిక్కు'మని రెండు చిన్న చప్పుళ్లు.

అత్తగారు బతికున్నన్నాళ్లూ నటుల బట్టలు కుట్టింది. సూది గుచ్చుకోకుండా మధ్యవేలికి ఎప్పుడూ ఇనుప తొడుగు ఉండేది. పొట్ట పట్టుకుని నవ్వడం అయ్యాక, ఆ వేలితో సోఫా చేతిమీద రెండుసార్లు కొట్టేది. అలా కొట్టేవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరు.

రచయిత్రి లేచి టీవీ కట్టేసింది. "మా అమ్మ చావుకి మా అమ్మ చేతే నవ్వించారు," అంది. అంతే. ఆ తర్వాత భర్తతో ఒక్క మాట లేదు. కలం నుంచి ఒక్క పేజీ లేదు.

తొమ్మిది గంటలకి బావమరిది ఊడిపడ్డాడు. బజార్లో అతన్ని ఎవరూ సొంత పేరుతో పిలవరు. తిరిగొచ్చిన కుర్చీలు లెక్కపెట్టే తమ్ముడి వేషం కట్టి కట్టి 'లెక్కబాబు' అయి కూర్చున్నాడు. వస్తూనే కాగితాల కట్ట బల్లమీద పెట్టాడు. పదో సీజన్ ఒప్పందం. యాభై రెండు వారాలు. శనివారం సాయంత్రంలోగా షావుకారూ, రచయిత్రీ, తనూ ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ఛానెల్ వాళ్ల షరతు ఒక్కటే. పోయిన పెద్దమ్మకి కవల చెల్లెలు ఉండాలి, వాటా అడగడానికి దిగాలి. అదే నటి, అదే ముఖం, జుట్టు మాత్రం పొట్టి.

అక్క టీ పోస్తూ తమ్ముడితో అంది: "కవల చెల్లెలు ఉందని తొమ్మిదేళ్లుగా ఆ ముసలావిడకి గుర్తు రాలేదా?"

"ఏముందక్కా, జ్ఞాపకం పోయిందందాం."

"అది నీకే మూడుసార్లు పోయింది. ఇంట్లో ఇంకెవరికీ మిగల్చవా?"

అతను నవ్వబోయి, బావ ముఖం చూసి మానుకున్నాడు.

"నేను సంతకం పెట్టను, రాయను. మీ బావతో చెప్పు."

"బావ ఎదురుగానే ఉన్నాడు గదక్కా."

"కనబడుతున్నాడులే. అయినా నువ్వే చెప్పు."

బావమరిది చెప్పవలసినవన్నీ చెప్పాడు. పదో సీజన్ వస్తుందని నమ్ముకుని తను మేడమీద మేడ వేస్తున్నాడు. గోడౌనులో నలభైమంది పనివాళ్లున్నారు. జనం ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. బాగుందని చూస్తున్నారా, అలవాటుగా చూస్తున్నారా అన్నది మనకి అనవసరం. ఇంత చెప్పినా అక్క పలకకపోయేసరికి ఒళ్లు మండి, రాసేవాళ్లు నువ్వు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు అనేశాడు.

అక్క టీ గిన్నె బల్లమీద పెట్టింది.

"దొరుకుతారు," అంది అక్క. "అయిదో సీజన్ నుంచీ నేను రాస్తున్నది ఎవరైనా రాయగలిగేదే."

బేరంలో ఎదుటివాడు తన సరుకుని తానే తక్కువ చేసి చెప్పుకుంటే కొనేవాడు సంతోషించాలి. షావుకారుకి సంతోషం రాలేదు. కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు.

*

గోడౌనుకి వెళ్లే దారిలో సెలూన్ ఉంది. గడ్డం అంత పెరగలేదు గాని షావుకారు ఆగాడు. సరుకు మార్కెట్లో ఎలా పోతోందో తెలియాలంటే తయారుచేసేవాణ్ణి అడగకూడదు, వాడేవాణ్ణి అడగాలి. ఆ సెలూన్‌లో తొమ్మిదేళ్లుగా పొద్దున పూట 'అద్దె కుర్చీలు' రెండోసారి వేసే ఎపిసోడ్ నడుస్తుంది. మొదట్లో కత్తిరింపు అయిపోయినవాళ్లు కూడా లేచేవాళ్లు కాదు. సగం గడ్డంతో కుర్చీ తిప్పుకుని చూసినవాళ్లున్నారు.

ఇవాళా టీవీ నడుస్తోంది. శబ్దం లేదు.

టీవీ పాడైందా అని అడిగాడు షావుకారు. లేదన్నాడు సెలూన్ ఆయన. మరి శబ్దమేదీ అన్నాడు.

సెలూన్ ఆయన కత్తి పదును చూసుకుంటూ మర్యాదగానే చెప్పాడు: "ఎక్కడ నవ్వాలో అక్కడ వాళ్లే నవ్వేసుకుంటున్నారు సార్. ఇక మాకేం పని?"

గొంతు మీద కత్తి ఉండగా జవాబు చెప్పడం తెలివైన వ్యాపారం కాదు. షావుకారు కళ్లు మూసుకున్నాడు. కానీ ఆ మాట గడ్డంతో పాటు రాలిపోలేదు. గోడౌను దాకా వెంట వచ్చింది.

గోడౌనులో ఒక మూల, పాత బీరువాలు అడ్డం పెట్టి కట్టిన గది శబ్దం కలిపేచోటు. అక్కడ పనిచేసేవాణ్ణి అందరూ చెవులాయన అంటారు. మూడు గదుల అవతల స్టూలు కిర్రుమంటే ఏ స్టూలో చెబుతాడు. మనిషి మాత్రం గట్టిగా మాట్లాడడు. షావుకారు తలుపేసి, అత్తగారి నవ్వు మొత్తం తీయమన్నాడు.

ఇక్కడ ఒక పాత లెక్క చెప్పాలి. మొదటి రెండు సీజన్లూ ఏ సీను తీసినా ఆ పదకొండు సోఫాల మీద మనుషులు కూర్చునేవాళ్లు. వడ్రంగులు, రంగులేసేవాళ్లు, టీ కొట్టు వాళ్లు, వాళ్ల చుట్టాలు. మూడో సోఫా చివర అత్తగారు, ఒళ్లో కుట్టే బట్టతో. వాళ్లు నవ్వితే ఆ నవ్వు రికార్డుకి ఎక్కేది, నవ్వకపోతే సీను పోయేది. మూడో సీజన్లో పని పెరిగింది. ఇంతమందిని కూర్చోబెట్టి, నవ్వకపోతే మళ్లీ తీసుకుంటూ పోతే వారానికి ఒక ఎపిసోడ్ ఎక్కడ అవుతుంది? షావుకారుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రెండేళ్ల నవ్వు నిల్వ ఉంది కదా. గోడౌనులో సామాను ఎలా వేరుచేస్తాడో అలాగే నవ్వుల్ని కంప్యూటర్లో మూడు అరలుగా వేరుచేయించాడు. మేలురకం, మధ్యరకం, నాసిరకం. సోఫాల వాళ్లని ఇంటికి పంపేశాడు.

ఒక సూత్రం కూడా పెట్టాడు. జోకు ఎంత నాసిదైతే నవ్వు అంత మేలుది వేయాలి. బలహీనమైన బల్లకి మంచి పాలిష్ కొట్టినట్టు.

ఆ రోజు ఆ సూత్రం విని అందరూ భలే అన్నారు. ఆయనా అనుకున్నాడు.

చెవులాయన దగ్గర నోటు పుస్తకం ఉంది. ఏ నవ్వు ఎన్నిసార్లు వాడాడో గీతలు గీసి ఉంచాడు. అడిగితేగాని చూపించడు. ఇప్పుడు చూపించాడు.

"అమ్మగారి నవ్వు మొదటి రెండు సీజన్లలో పదిహేడు సార్. అవి ఆవిడ నవ్వినవి. మూడూ నాలుగుల్లో నలభై. తర్వాత ఏటేటా పెరిగింది. ఈ ఒక్క సీజన్లోనే నూట ముప్పై రెండు."

షావుకారు ఆ గీతల్ని వేలు పెట్టి కూడుకున్నాడు. ఆవిడ బతికుండగా నవ్వినదానికంటే పోయాకే ఎక్కువ నవ్వింది.

ఆదివారం ఆ సీనుకి ఆ నవ్వే ఎందుకు వేశావని అడిగాడు. చెవులాయన తల దించుకుని, మీ సూత్రమే సార్ అన్నాడు. ఆ సీను మూడుసార్లు విన్నాడట. దాన్ని నిలబెట్టే నవ్వు ఇంకేదీ దొరకలేదట. ఆ టిక్కు టిక్కుని చెరిపేయడానికి మాత్రం చెయ్యి రాలేదట.

"ఇంకో అర ఉంది సార్," అన్నాడు పుస్తకం మూస్తూ. "మీ చేత్తోనే పేరు రాసిచ్చారు. పనికిరానివి అని."

షావుకారుకి గుర్తులేదు. తెరవమన్నాడు.

అందులో నవ్వులు లేవు. సోఫాల స్ప్రింగుల చప్పుడు, ఎవరో దగ్గడం, టీ గ్లాసులు. నవ్వు రాని చోట్లన్నీ పనికిరానివి కింద పడేయించాడు. ఒకచోట బావమరిది అప్పటి లేత గొంతుతో ఏదో జోకు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలోంచి అత్తగారి గొంతు వచ్చింది, బట్ట మీంచి తల ఎత్తకుండా అడిగినట్టు:

"అమ్మాయ్, ఇది రాసేటప్పుడు నీకు నవ్వొచ్చిందా?"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత భార్య గొంతు, తొమ్మిదేళ్ల కిందటిది: "లేదమ్మా."

కాగితం చింపిన చప్పుడు. అప్పుడు అందరూ ఒక్కసారిగా నవ్వారు. చిట్టచివర టిక్కు, టిక్కు.

షావుకారు కుర్చీలోంచి లేచాడు. జీవితంలో ఎన్నో సామాన్లు తప్పుగా కొన్నాడు, తప్పుగా అమ్మాడు. చీకిపోయిన టేకుని కొత్తదని నమ్మినవాడు కూడా. కానీ బంగారపు ముక్కని తన చేత్తోనే చెత్త అని చీటీ అంటించి పారేయడం ఇదే మొదలు.

ఈ సీజన్‌కి మిగిలిన మూడు ఎపిసోడ్లూ నవ్వు కలపకుండా పంపమన్నాడు. చెవులాయన తెల్లబోయాడు.

"బోసిగా ఉంటుంది సార్."

"ఉండనీ. ఎంత బోసిగా ఉందో ముందు మనకి తెలియాలి."

*

మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికి వచ్చి, గోడౌనులో విన్న ముక్క ఎక్కించుకున్న ఫోను తీసి బల్ల అవతలి చివర పెట్టాడు. భార్య కూర్చున్న చోటికి జానెడు అందకుండా. కూతురు నవ్వు ఆపుకోలేక నీళ్ల గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

భార్య లేచి వెళ్లి తీసుకుంది. వింది. రెండోసారి వింది. ఫోను మెల్లగా బోర్లా పెట్టింది.

"మీ నాన్నతో చెప్పు," అంది కూతురితో. "ఆ నవ్వు వేసింది ఆయన. నిజమే. కానీ ఆ సీను రాసింది నేను."

కూతురు నీళ్ల గ్లాసు దించింది.

"మా అమ్మ మిషనుని ఇద్దరి చేత లాగించింది నేనే. ఆ రోజు పేజీలు ఆలస్యమయ్యాయి. ఏదో ఒకటి పడేద్దాం, నవ్వు ఎలాగూ వాళ్లు వేస్తారుగా అనుకున్నాను. అయిదేళ్లుగా అలాగే అనుకుంటున్నాను. నవ్వొచ్చిందా అని అడిగేవాళ్లు లేరు, నన్ను నేను అడగలేదు."

షావుకారు కూడా కూతురికే చెప్పాడు, వినవలసినావిడ రెండడుగుల దూరంలో ఉండగానే. యాభై రెండు వారాలు వద్దు. ఆరు వారాలు అడుగుదాం. ఆ ఆరింటిలో కథ ముగించేద్దాం. ప్రతి పేజీ ముందు సోఫాల మీద చదవాలి. అక్కడ నవ్వనిది తెరమీదికి పోదు. పుచ్చిన సరుకు ఏడాదిపాటు అమ్మడం కంటే మంచి సరుకు ఆరు వారాలు అమ్మి కొట్టు కట్టేయడం మేలు.

పని వాళ్లందరినీ ఏం చేస్తారని వెనక నుంచి వినబడింది. బావమరిది ఎప్పుడు వచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

వాళ్ల సంగతి ఆలోచించాననీ, పాత సామాను మరమ్మతు పని మళ్లీ తెరుస్తాననీ, ఎంతమందిని పెట్టుకోగలనో ఇంకా తేలలేదనీ షావుకారు చెప్పాడు. తేలలేదన్నది అబద్ధం కాదు. అది బావమరిదికి చాలలేదు.

"మరి నా సంగతి బావా? నా మేడ సంగతి పక్కన పెట్టు. నేను రోడ్డుమీద నడిచానంటే చిన్నపిల్లలు కూడా ఒకటి తగ్గింది అంటారు. అది లేకపోతే నేనెవర్ని?"

'ఒకటి తగ్గింది' అన్నది లెక్కబాబు మాట. మొదటి సీజన్లో ప్రతి వారం కుర్చీలు తిరిగి వచ్చాక లెక్కపెట్టి, మెల్లగా, తనలో తను అనుకున్నట్టు ఆ మాట అనేవాడు. ఆ తగ్గిన కుర్చీ ఎవరింట్లో ఉండిపోయింది, ఎందుకు ఉండిపోయిందన్నదే ఆ వారం కథ. ఒకసారి ఒక ముసలాయన, కూతురి పెళ్లిలో ఆమె కూర్చున్న కుర్చీని తిరిగి ఇవ్వలేక దాచుకున్నాడు. ఆ వారం జనం ఏడ్చి నవ్వారు. ఇప్పుడు కుర్చీలతో పనిలేకుండా, పోలీసుల్ని చూసినా హెలికాప్టర్ ఎక్కినా 'ఒకటి తగ్గింది' అని అరుస్తున్నాడు.

"అని ఎన్ని లెక్కపెడతావురా?" అడిగింది అక్క.

"ఏంటి?"

"ఆ మాట అన్నాక. లోపల ఎన్ని లెక్కపెట్టుకుంటావు?"

అతను వేళ్లు ముడిచి చూసుకున్నాడు. చివరికి, నాలుగు అన్నాడు. నవ్వు వేయడానికి నాలుగు సెకన్లు వదలాలని మూడో సీజన్లో చెప్పారు. అప్పటినుంచీ వదులుతున్నాడు. ఇంట్లో పెళ్ళాంతో మాట్లాడేటప్పుడు కూడా అప్పుడప్పుడు వదులుతున్నాడట. ఆ మాట చెప్పి, ఎవరో తన జేబులో చెయ్యిపెట్టినట్టు ఉలిక్కిపడి, గుమ్మం దిగి వెళ్లిపోయాడు. సంతకం మాట ఎత్తలేదు.

భార్య పళ్లెం తీసుకుని లేస్తూ కూతురితో అంది: "ఒక్క ఎపిసోడ్ రాస్తాను. ఆఖరిది. ముందు అది సోఫాల మీద తూగాలి. తూగకపోతే ఆరు వారాలూ లేవు, ఏమీ లేవు."

నాన్నతో మాట్లాడతావా అని కూతురు అడిగింది.

"అది తూగాక చూద్దాం."

*

శనివారం మధ్యాహ్నం పదకొండు సోఫాల మీదా దుమ్ము దులిపారు. సెలూన్ ఆయన కొట్టు మూసి వచ్చాడు. టీ కొట్టావిడ, ఇద్దరు వడ్రంగులు, కుట్టుపనివాళ్లు, రంగులాయన, ఆయన అత్త. ఛానెల్ తరఫున ఒకావిడ ఫైలుతో వచ్చి ఏడో సోఫాలో కూర్చుంది. ఆవిడ ముఖం చూస్తే పుట్టాక ఒక్కసారే నవ్వినట్టుంది, అదీ ఫోటో కోసం. మూడో సోఫా చివర ఎవరూ కూర్చోలేదు. ఎవరూ కూర్చోవద్దనలేదు.

షావుకారు ఒక మూల స్టూలు వేసుకుని, ఒక కాగితం, పెన్సిలు పట్టుకున్నాడు. నవ్వు వస్తే ఒక గీత. పేజీల్లో నవ్వు రావాల్సిన చోట్లు నలభై ఒకటి అని ముందే లెక్కపెట్టుకున్నాడు.

బావమరిది ఆలస్యంగా వచ్చి ఆఖరి సోఫాలో చేతులు కట్టుకు కూర్చున్నాడు. చూడటానికి వచ్చానన్నాడు. రచయిత్రి చదవడం మొదలుపెట్టింది. లెక్కబాబు మాటలు కూతురు అందుకుంది. షెడ్యూలు చదివినట్టు చదివింది. మొదటి పేజీ పోయింది, గీత లేదు. రెండో పేజీ పోయింది. సోఫా స్ప్రింగులు మాత్రం మాట్లాడాయి.

మూడో పేజీ మధ్యలో బావమరిది లేచాడు.

"ఇలా తే. నువ్వు చంపేస్తున్నావు."

పేజీలు లాక్కున్నాడు. నిలబడ్డాడు. అలవాటు చొప్పున గొంతు పెంచి, చేతులు బార్లా చాపి, "ఒకటి తగ్గింది" అని అరిచాడు. నాలుగు సెకన్లు ఆగాడు.

ఎవరూ నవ్వలేదు.

ఆ నాలుగు సెకన్లూ షావుకారు జీవితంలో చూసిన ఏ నష్టం కంటే పొడుగ్గా ఉన్నాయి. బావమరిది మెడ ఎర్రబడింది. పారిపోతాడనుకున్నారు. అక్క కూడా కలం మూసింది. అతను పేజీవంక చూశాడు, ఎదురుగా సెలూన్ ఆయనవంక చూశాడు, మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి చేతులు లేవు. ఎవరికీ చెప్పనట్టు, జేబులో చిల్లర పోయినవాడు తనలో తను అనుకున్నట్టు అన్నాడు. వెంటనే తర్వాతి మాటలోకి పోయాడు.

రంగులాయన అత్త కిసుక్కుమంది. తర్వాత సెలూన్ ఆయన.

షావుకారు మొదటి గీత గీశాడు. పెన్సిలు మొన విరిగింది. చెక్కుకున్నాడు.

మిగిలిందంతా ఒక దారిన పడిందని చెప్పడానికి లేదు. చాలాచోట్ల జోకు వచ్చి, చూసి, వెళ్లిపోయింది. అలాంటప్పుడల్లా రచయిత్రి ఆ పేజీ మూల మడిచింది. ఆఖరి సీను వచ్చింది. పెద్దమ్మ చావుకి వెళ్లిన కుర్చీలు తిరిగి వచ్చాయి. లెక్కబాబు లెక్కపెడతాడు. తొమ్మిదేళ్లలో మొట్టమొదటిసారి లెక్క సరిపోతుంది. నమ్మలేక మళ్లీ లెక్కపెడతాడు. మళ్లీ సరిపోతుంది. మూడోసారి మొదలుపెడితే వదిన వచ్చి ఒక కుర్చీలో కూర్చుంటుంది, ఇక లెక్కపెట్టొద్దని. అంతే. ఎవరూ ఏమీ అనరు.

సోఫాల మీద చప్పుడు లేదు. టీ కొట్టావిడ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లి అక్కడే ఉంచేసింది. దీన్ని ఏ వరసలో రాయాలో షావుకారుకి తెలియలేదు. కాగితంలో ఆ చోటు ఖాళీగా వదిలాడు. 'పనికిరానివి' అని మాత్రం రాయలేదు.

జనం వెళ్లిపోయారు. ఛానెల్ ఆవిడ ఫైలు మూసి, ఆరు వారాల సంగతి పైవాళ్లతో మాట్లాడి సోమవారం చెబుతానంది. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. యాభై రెండు వారాల కాగితం షావుకారు సంచిలోనే ఉంది, మూడు సంతకాల చోట్లూ తెల్లగానే. బావమరిది ఎటూ తేల్చకుండా, పేజీలు చంకలో పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ గేటు దాటాడు.

భార్య వచ్చి స్టూలు పక్కన నిలబడింది. కాగితంవంక చూసింది.

"ఏడు గీశారే?"

ఏడో రోజున నేరుగా ఆయనకి వచ్చిన మొదటి మాట.

"ఏడే వచ్చాయి."

"నాలుగోది రాలేదు. అక్కడ ఎవరూ నవ్వలేదు, మీరొక్కరే నవ్వారు. అదీ నామీది మొహమాటానికి. కొట్టెయ్యండి."

షావుకారు ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకున్నాడు. నాలుగో గీత మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

నలభై ఒక్క చోట్ల నవ్వు రావాలని రాస్తే, అందరూ బతికున్నవాళ్లే కూర్చుని, ఎవరూ చెప్పకుండా, ఎవరికోసమూ కాకుండా నవ్వినవి, తరుగు పోగా, నికరంగా ఆరు.